నలభై ఒక్కమంది అమరులు

కోనాపురం రైతుల తిరుగుబాటు మీద తీస్తున్న సినిమాలో ఏ వర్గానికీ రవ్వంత అన్యాయం కూడా జరగనివ్వబోమని ప్రాతినిధ్య కమిటీ చైర్మన్ లక్ష్మణరావుగారు ఆబిడ్స్‌లోని తమ ఆఫీసులో ప్రకటించారు. నలభై ఏడేళ్ల కిందట ఆ తిరుగుబాటు ఓడిపోయింది. అందులో సమతూకం లేకపోవడమే దానికి కారణమని కనిపెట్టిన మొదటి మనిషి ఆయనే.

ఆదివారాలు ఆ ఆఫీసు కింద ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే భూమయ్య ఈ సంగతి పేపర్లో చదివి, చొక్కా మార్చుకుని మెట్లెక్కాడు. ఆ తిరుగుబాటులో అతనున్నాడు. దాన్ని నడిపిన ఎల్లేష్ అతని స్నేహితుడు. ఆ పేరు చెప్పమని పోలీసులు మూడు రోజులు కొట్టినా భూమయ్య చెప్పలేదు. తర్వాత ఎల్లేష్ అడవిలో జ్వరమొచ్చి పోయాడు. అతని పేరు ఏ రాయి మీదా లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. సినిమాలో ఒక్కసారి వినిపిస్తే చాలని భూమయ్య ఆశ.

పైన హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం నుంచి వచ్చిన సునందగారు తమ తరఫున ఒక అమరుణ్ణి అడుగుతున్నారు.

"అప్పుడు అపార్ట్‌మెంట్లే లేవు కదండీ," అన్నాడు దర్శకుడు శశికిరణ్.

"అందుకేనండీ, మాకు అన్యాయం జరిగింది!"

చైర్మన్‌గారు అక్కడికక్కడే ఒకరిని మంజూరు చేశారు. నిజానికి చనిపోయింది ఏడుగురు. సునందగారి వాడితో నలభై ఒక్కరయ్యారు.

"ఎల్లేష్ అని మా దోస్తు సార్," అన్నాడు భూమయ్య. "అందర్ని జమచేసిందే గాయన. జర పేరన్న చెప్పించుండ్రి."

"ఆయన తరఫున ఎవరొచ్చారు?"

"నేనొచ్చిన."

"మీరు సరే. మీ వెనక సంఘం ఏదైనా ఉందా?"

"ఉండె సార్. ఓడిపోయింది గదే."

అమరుల ఖాళీలు నిండిపోయాయని చైర్మన్‌గారు విచారం వెలిబుచ్చారు. శశికిరణ్ ఆయన చెవి దగ్గరకు వంగి, ఇంకా తేలని చిక్కొకటి గుర్తుచేశాడు. దొర వర్గం అభ్యంతరం చెప్పడంతో దొర సినిమా అంతా తీర్థయాత్రల్లో ఉన్నాడు. పోలీసులకు ముఖాలు కనిపించవు. ఇక నాయకుడి పేరు పోలీసులకు చెప్పేసే ద్రోహి వేషం మిగిలింది. అది తమవాడికి వద్దంటే తమవాడికి వద్దని బల్ల నిండా వినతిపత్రాలు.

చైర్మన్‌గారు భూమయ్యను కొత్త గౌరవంతో చూశారు.

"సంఘం లేదన్నారు కదూ? కూర్చోండి, కూర్చోండి. మీకొక వేషం ఇస్తున్నాం. ఒకటే డైలాగు. ఎల్లేష్ పేరు మీ నోటితోనే చెప్తారు!"

భూమయ్య కళ్లు చెమర్చాయి. వారం రోజులు ఆ ఒక్క పేరే సాధన చేశాడు. షూటింగ్ ముందురోజు రిహార్సల్లో గుండె నిండా పలికాడు.

షూటింగ్ నాంపల్లిలో, ఒక పాత గోదాములో వేసిన లాకప్ సెట్లో. శశికిరణ్ "యాక్షన్!" అన్నాడు. ముఖం కనిపించని ఇన్‌స్పెక్టర్ లాఠీతో బల్ల మీద కొట్టాడు.

"మీ నాయకుడి పేరేంట్రా? చెప్పు!"

భూమయ్య నోరు మూసుకున్నాడు.

పదకొండు టేకులయ్యాయి.

"పెద్దాయనా, నిన్న ఎంత బాగా చెప్పారు!" అన్నాడు శశికిరణ్.

"నిన్న మీరడిగిన్రు సార్. ఇయ్యాల పోలీసోళ్లు అడుగుతున్నరు."

"పోలీసేంటండీ బాబూ! అతనికి సుల్తాన్ బజార్లో చీరల కొట్టు!"

"ఔ, ఎరుకే. బయట చాయ్ తాగుకుంట అడగమనుండ్రి, చెప్త. గీడ చెప్ప."

"మీరు చెప్పకపోతే మీ ఎల్లేష్ పేరు సినిమాలో ఉండదు మరి," అన్నారు చైర్మన్‌గారు.



"ఉండకున్నా మంచిదే సార్," అన్నాడు భూమయ్య.

ఇలాంటి చిక్కుల్లోనే నాయకత్వం బయటపడుతుంది. "వెనక నుంచి తీయండయ్యా," అన్నారు చైర్మన్‌గారు. "పేరు డబ్బింగ్‌లో చెప్పిద్దాం."

యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. భూమయ్య వీపు ఒక్క టేకులో ఓకే అయింది.

ఆ పేరును ఏ వర్గం గొంతుతో పలికించాలో తేల్చడానికి సోమవారం పదిన్నరకు కమిటీ సమావేశమవుతుంది. అన్ని సంఘాలకూ ఆహ్వానం. సంఘం లేనివారు దయచేసి రావద్దు.