పేరు పలకని పరీక్ష

పొద్దున్నే పరీక్ష ముగించేసి, మధ్యాహ్నం బస్సుకి ఇంటికెళ్ళి తలంటుకోవాలని ఆ ఆదివారం సుజన ప్లాను. పాకాల దగ్గరి ఆ పల్లెలో చదువురాని ఆడవాళ్ళకి ఆమె చదువు చెబుతోంది. ఖర్చంతా ఒక బెంగుళూరు కంపెనీది. వాళ్ళకి చదవడం వస్తే ప్రభుత్వం ఆ డబ్బు లాభంతో సహా తిరిగిస్తుంది. రాకపోతే కంపెనీకి గుండుసున్నా, క్లాసుకి తాళం.

ఆ క్లాసులో చదువుకుంటున్న సిద్ధమ్మకి ఆ తాళం తలుచుకుంటేనే భయం. అరవయ్యేళ్ళకి బస్సు బోర్డు సొంతంగా చదివి ఎక్కిన మనిషి. మళ్ళీ వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఎక్కే బతుకు ఆమెకొద్దు.

పరీక్ష పెట్టడానికి తిరుపతి నుంచి రవిచంద్ర వచ్చాడు. రూల్సంటే ఆయనకి ప్రాణం. సుజనని బయటికి పంపి, "కాగితంలో ఉన్నది తప్ప ఇంకొక్క మాట మాట్లాడకూడదమ్మా" అని అందరినీ హెచ్చరించి, కాగితం సిద్ధమ్మ చేతికిచ్చాడు. "చిన్నబ్బ సంతకు పోయి భార్యకు మల్లెపూలు తెచ్చాడు" అని ఉంది అందులో.

సిద్ధమ్మ మొగుడి పేరు చిన్నబ్బ. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. ఇప్పుడూ రాలేదు. ఇంకో మాట వద్దన్నారు కాబట్టి కారణమూ చెప్పలేదు. రవిచంద్ర సున్నా వేశాడు.

తర్వాత వరలక్ష్మమ్మ, చిన్నబ్బ తమ్ముడి భార్య. బావగారి పేరు పలుకుతుందా? సున్నా. ఆ వెనక కోడలు పంకజాక్షి. మామగారి పేరాయె! సున్నా. వీధంతా ఒకే ఇంటివాళ్ళు కావడంతో సున్నాలు దొర్లుకుంటూ పోయాయి. కిటికీలోంచి చూస్తున్న సుజనకి ఏడుపొక్కటే తక్కువ.

సిద్ధమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి, అరుగు మీదున్న చిన్నబ్బ లోపలికి దూసుకొచ్చాడు.

"ఏంది సారూ, దాన్ని ఏమన్నా అంటివా?"

"చదవమన్నానండీ, అంతే. రావడం లేదు."

"యాడన్నా ఉండాదా! బస్సు బోర్డులన్నీ గడగడా సదువుతాది. ఏం రాసుండాది ఆడ?"

రవిచంద్ర చదివి వినిపించాడు. చిన్నబ్బ సిగ్గుపడిపోయాడు.

"అయ్యో, అది నేనే గదా సామీ! నా పేరు అది యాడ పలుకుతాది?"

"సార్!" కిటికీలోంచి సుజన అరిచింది. "చదవడం రాకపోతే అది వాళ్ళాయన పేరని ఎట్ల తెలిసింది సార్?"

రవిచంద్ర పెన్ను పక్కన పెట్టాడు. కాగితంలో పేరు మీద వేలు పెట్టి మూశాడు. "ఇప్పుడు చదవమ్మా."

"సంతకు పోయి భార్యకు మల్లెపూలు తెచ్చాడు," గడగడా చదివేసింది సిద్ధమ్మ. ఆపైన ఆగలేకపోయింది. "తెచ్చినాడంట! రాసినోళ్ళకేం తెలుసు సార్? ఇన్నేండ్లలో ఒక్క మూర తెచ్చినాడా?"

గదంతా గొల్లున నవ్వింది. మిగతావాళ్ళూ అలాగే చదివేశారు. సున్నాలన్నీ రవిచంద్ర కొట్టేశాడు. క్లాసు నిలిచింది.

మర్నాడు సాయంత్రం చిన్నబ్బ మూరెడు మల్లెపూలతో వచ్చి, అవి సిద్ధమ్మ చేతిలో పెట్టి, క్లాసులో వెనక వరసలో కూర్చున్నాడు. "దాని పేరు రాస్తే ఎట్లుంటాదో సూడల్లమ్మా" అన్నాడు సుజనతో. సిద్ధమ్మకి ఎంత సంతోషమైందంటే, కొంగుతో మొహం దాచేసుకుంది.

అతనికి చదువొస్తుందని పెట్టుబడి పెట్టే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఏ కంపెనీకీ రాలేదు.