దొరబాబు ఫైలు

తొమ్మిదికి లెక్క మొదలుపెట్టి, పదికల్లా ముగించి, మూడింటికి కమిటీ ముందు కూర్చోవాలని హిమబిందు అనుకుంది. కమిటీ ఇంకో ఆరు నెలలు గడువు ఇవ్వకపోతే అయిదేళ్ల పరిశోధన గంగలో కలిసినట్టే. ఆమె లెక్కకట్టే అణువు తిన్నని గీతలా ఉంటుంది. నడుమ కార్బన్, ఒక కొన ఆక్సిజన్, మరో కొన సల్ఫర్.

ఆ ల్యాబులో కంప్యూటరుకిచ్చే ఫైలును ఎవరూ కొత్తగా రాయరు. దొరబాబు అనే సీనియర్ ఏనాడో కార్బన్ డయాక్సైడ్ కోసం రాసినదాన్నే అందరూ కాపీ కొడతారు. అందులో సౌష్ఠవం దగ్గర 'డీ-టూ-హెచ్' అని ఉంది. అంటే రెండు కొనలూ ఒకటే, ఒక పక్క చెబితే రెండో పక్క ప్రోగ్రామే వేసుకుంటుంది. బిందు ఒక పక్క ఆక్సిజన్, మరో పక్క సల్ఫర్ పెట్టింది. ఆ లైను మాత్రం ముట్టుకోలేదు. పెద్దవాళ్లు రాసింది కదా.

పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని ప్రోగ్రాం మొరాయించింది. ఆమె దొరబాబుకి ఫోన్ చేసింది.

"అన్నా, నీ ఫైలు నడవట్లేదు."

"నాను భీమిలి బస్సులో ఉన్నాను. ఏటంటంది?"

"ఆక్సిజనూ సల్ఫరూ ఆనుకుపోతన్నాయంట."

"అయితే ఎడంగా జరిపెయ్. దానికి ఫోనేటి?"

జరిపింది. రెండు గంటలు నడిచి, తెర మీద అయిదు పరమాణువులు వచ్చాయి. ఆక్సిజన్లు రెండు, సల్ఫర్లు రెండు. బిందు తల పట్టుకునేసరికి ఆమె గైడు, ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి, వెనకే నిలబడి ఉన్నారు.

"ఏటమ్మా ఇది? నా సర్వీసులో సూడలేదు."

"తప్పు సార్. ఆ లైను మార్చలేదు నాను. అటుదిటూ ఇటుదటూ కూడా వేసేసింది."

"కొత్తది కనబడితే తప్పనీడమే మీకు తెలుసు," అంటూ ఆయన కమిటీ వాళ్లందరికీ ఫోన్లు చేసేశారు.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. రెండు కొనలూ వేరైతే రాయాల్సిన 'సీ-టూ-వీ' రాసి, దూరాలు సరిచేసి, మళ్లీ నడిపింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మూడే పరమాణువులు, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే.

మూడింటికి అదే చూపించింది. కమిటీ మొహాలు మాడిపోయాయి.

"అయిదన్నారు కదా, మిగతా రెండూ ఏవమ్మా?" అంది అధ్యక్షురాలు సుధారాణి.

"లేవు మేడం."

"లేవంటే ఎలాగ? ఎతకాలి కదా."

శ్రీరామ్మూర్తి గట్టిగా తలూపారు. అడిగింది ఆరు నెలలైతే కమిటీ ఏడాది గడువిచ్చింది, లేని రెండు పరమాణువులనూ వెతికి పట్టుకోవడానికి.