సభామండపంలో రాగితీగ

ఒక పెద్ద అడవిలో చెవులు లేని జంతువంటూ లేదు. వినే జంతువులే తక్కువ.

ముసలి కుందేలు చెల్లాయమ్మవి అందరికన్నా పొడుగు చెవులు. వాటికి వినికిడి పోయి నాలుగేళ్లయింది. చెవి మిషను పెట్టుకున్నా గుంపులో గోలే తప్ప మాట తెలిసేది కాదు.

ఆమె బొరియ మీదుగా బాట వేస్తామంది అడవి సభ. అభ్యంతరాలు వినేది ఒక్కరోజే. పేరు మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే అర్జీ కొట్టేస్తారు. అది అక్కడి ఆచారం.

ఈమధ్యే పై అడవి ఉత్తర్వు మీద సభామండపం చుట్టూ రాగితీగ వేయించారు. మైకులో మాట ఆ తీగ గుండా నేరుగా చెవి మిషన్లలోకి వస్తుంది. గోడకు చెవి బొమ్మ వేసి, దండ వేసి, ఫోటోలు దిగారు. ఆపైన అరిగిపోతుందని స్విచ్చి కట్టేశారు.

చెల్లాయమ్మ మరిచిపోతానన్న భయంతో "నా బొరియ, ముగ్గురు మనవలు, వచ్చేది వానాకాలం" అని దారంతా వల్లెవేసుకుంటూ వచ్చింది.

"తీగ పనిచేస్తోందా నాయనా?" అని గుమాస్తా కొండముచ్చును అడిగింది.

"బొమ్మ కనపడటం లేదా మామ్మా?"

"చూపుకేం, బాగానే ఉంది."

ఇంతలో తనిఖీకి పై అడవి ఏనుగు వచ్చింది. కొండముచ్చు ఒక్క గెంతులో స్విచ్చి వేసింది.

సభాధ్యక్షుడు నక్క గురవయ్య లౌడ్‌స్పీకరు ఆపించి, గుమాస్తా వైపు వంగాడు. మైకు మాత్రం గడ్డం కిందే ఉంది. పదవి వచ్చినప్పటి నుంచీ దాన్ని పక్కకు జరిపిన పాపాన పోలేదు.

"ముసలిదాని పేరు మూడుసార్లూ నోట్లోనే అనేస్తా. పలకలేదని రాసెయ్. బాట మా గుమ్మం దాకా వచ్చేస్తుంది."

"ఏనుగుగారు వింటారేమో!"

"ఆ చేటలు విసురుకోవడానికేలే."

చెల్లాయమ్మ దిగ్గున లేచింది. "పలుకుతున్నా గురవయ్యా! ఇంకా పిలవకముందే పలుకుతున్నా!" పొద్దున తిన్నదేమిటో గుర్తుండని ఆ ముసలమ్మ, విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది, చేటలతో సహా.

"చాదస్తం! లేని మాటలు వింటోంది" అని నవ్వాడు గురవయ్య.

ఏనుగు మెల్లగా చెవి పైకెత్తింది. వెనకాల ఇంత చెవి మిషను.

"అయితే నాదీ చాదస్తమే."

బాట ఆగిపోయింది. మర్నాడే సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: రాగితీగ వల్ల జంతువుల ఆరోగ్యం పాడవుతోందని.

నీతి: చెవిటివాళ్ల కోసం యంత్రం పెట్టించండి, దండ వేయండి, ఫోటో దిగండి, పొరపాటున కూడా స్విచ్చి వేయకండి.