నిచ్కే గల్లీ ద్వారబంధనము

మేరువునకు దక్షిణమున భరతఖండము, భరతఖండమునకు దక్షిణమున లవణసముద్రము, ఆ లవణసముద్రమునకును దక్షిణమున, పంచాంగకర్తల చూపు ఆనని దూరమున, మాఘమాసము వచ్చెనా మంచునకు మారుగా నిప్పులు కురియునట్టియు, కంగారూలు సైతము చెట్టునీడన చేరి ముంజేతులు నాకుకొనునట్టియు మా బారోసా కొండల నడుమ, గగనచుంబి పైన్‌వృక్ష సహస్ర సంకులమైన నిచ్కే గల్లీ అను మహారణ్యము కలదు. గల్లీయనిన ఇచట వీధి కాదు, వాగులోయ. మహారణ్యమనిన మరీ అంత కాదు. కారులో బయలుదేరిన రేడియోలో పాట ముగియకమునుపే అడవి ముగియును. అయినను వీరగాథ కదా, కొంత పెంచక తప్పదు.

ఆ అరణ్యమునకు ద్వారపాలకుడు, నారింజవర్ణ కవచధారి, ఎండకు పొట్టు రేగిన నాసికాగ్రముతో అల్లంత దూరమునుండియే గుర్తింపదగినవాడు, నోస్కే వంశసంజాతుడు డారిల్. ఆనాటి ఉదయమున అతనికి ఆజ్ఞ వచ్చినది: ఉత్తరపు ఎడారినుండి వడగాలి బయలుదేరినది, అది కొండలు చేరులోగా జనులందరిని వెలుపలికి పంపి గేటు మూసి తాళము వేయవలెను, మరల వాన పడువరకు నరమానవుడు లోపల అడుగిడరాదు. ఒక్క నిప్పురవ్వ పడెనా, అడవితోపాటు దిగువనున్న ఊరును బూడిదయగును. ఇది పరాచికము కాదు. ఈ కథలో పరాచికము కానిది ఇదొక్కటే.

డారిల్ విజృంభించినాడు. కుక్కలతో వచ్చినవారిని, గుర్రములతో వచ్చినవారిని, పెండ్లాముతో అలిగి వచ్చి మొద్దుపై కూర్చున్న ఒకానొక పెద్దమనిషిని సైతము బుజ్జగించి సాగనంపినాడు. ఇక గేటు మూయుటయే తరువాయి అనుకొనునంతలో, వాగు మలుపున చెట్టుక్రింద ఒక పాత తెల్లకారు కనబడినది. వీరుని గుండె జారిపోయినది. అది అతని తల్లికి తోడబుట్టిన అక్క, ఓటీలీ జ్వార్ గారి రథము.

ఓటీలీ డెబ్బది దాటిన వీరనారి. ఊరి ఎగ్జిబిషనులో బ్లాక్‌బెర్రీ జామునకిచ్చు ప్రథమ బహుమతియగు నీలిరిబ్బను ఏనాటినుండియో ఆమెకే చెల్లుచుండెను. పోయిన ఏడు మాత్రము కొండ ఆవలి పల్లెనుండి వచ్చిన గ్లెనిస్ ట్రెగెన్జా దానిని ఎగరవేసుకొనిపోయినది. నాటినుండి బేకరీలో ఎదురుపడిన ఓటీలీ రొట్టెలను చూచును గాని గ్లెనిస్‌ను చూడదు. ఇప్పుడు ఎగ్జిబిషను దగ్గరపడినది. అడవిలోని తక్కిన బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలన్నిటికిని ప్రభుత్వమువారు కలుపుమందు కొట్టినారు, మందు తగలని పొద ఈ వాగుగట్టున ఒక్కటియే మిగిలినది. పండ్లు నేడే నల్లబడినవి, గేటు నేడే మూతపడుచున్నది. పోయిన పరువు తిరిగి రావలెనన్న ఆమెకు ఈ పూట తప్ప వేరు పూట లేదు.

అప్పుడు మన వీరుడు పొద ముందర నిలిచి మేఘగంభీర స్వరమున, "ఓ మాతృసహోదరీ, ప్రచండానిల ప్రేరిత దావానల జిహ్వాగ్రమున నిలిచి, ఫలాపేక్షచే ప్రాణోపేక్ష సేయుట నీకు తగునా? ఈ కంటకవనమును విడువుము, కారెక్కుము" అని గర్జించియుండవలసినది. నేనైతే అట్లే వ్రాసిపెట్టుకొంటిని. ఏమి చేయుదును, ఈ దేశపు వీరులు ఈగ దూరునేమో అని నోరు తెరువక మాటాడుదురు. అతడు అన్నది ఇంతే.

"పెద్దమ్మా, మూసేస్తున్నాం. పద."

"మూసుకో. నేనేమన్నా అడ్డమొచ్చానా?"

"నువ్వు లోపలుంటే ఎలా మూస్తాను? బోర్డు చూళ్ళేదా?"

"చూశాను. సందర్శకులకు ప్రవేశం లేదని రాశారు. నేను సందర్శకురాలినా? చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకి చెప్పుకో ఆ మాట."

"రోజూ వచ్చినా సందర్శకులే పెద్దమ్మా."

"మా నాన్న ఈ పైన్ మొక్కలు నాటుతుంటే నీళ్ళు మోసింది నేను. అప్పటికి మీ అమ్మకి పళ్ళు కూడా రాలేదు. నాకు బోర్డు చూపిస్తున్నాడమ్మా, బోర్డు."

తర్కశాస్త్రమున తనకు గతి లేదని గ్రహించి డారిల్ బాహుబలమును ఆశ్రయించినాడు. బకెట్టుపై చేయి వేసినాడో లేదో, ఆ కంటకసేనావాహిని నలుదిక్కులనుండి విరుచుకుపడి, టోపీని లాగి, కవచమును చీల్చి, చెవిని గీరి, తుదకు ప్యాంటు వెనుకతట్టున, ఏ కావ్యమునను వర్ణింపరాని చోట, ఒక దీర్ఘకంటకమును దిగవేసినది. ముందుకు పోలేడు, వెనుకకు రాలేడు. అరవనైనను లేడు, అరచిన పెద్దమ్మ నవ్వును.

"కదలకు," అని ఓటీలీ వంగి ముల్లు తీసినది. "చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ముల్లు ఎక్కడుంటే అక్కడే కూర్చునేవాడివి."

అంతలో అతని నడుమునకున్న రేడియో గరగరమన్నది. "డారిల్, గేటు వేశావా?"

"వేస్తున్నా."

"పొద్దుట్నించీ అదే మాట. గాలి వచ్చేసిందయ్యా."

నిజముగనే వచ్చినది. రొట్టెలపొయ్యి తలుపు తెరచినట్లు మొగమున కొట్టినది. ఎండిన పైన్‌ఆకులు జలజల రాలినవి, దూరమున ఒక కొమ్మ విరిగినది. డారిల్‌కు భయము వేసినది. నిజమైన భయమునకు సమాసములు అక్కరలేదు.

"పెద్దమ్మా, సరదా కాదు. నిప్పంటుకుంటే నీకోసం నేను లోపలికి రావాలి. నాకోసం ఇంకో నలుగురు రావాలి. వాళ్ళకీ ఇళ్ళున్నాయి."

ఓటీలీ చేయి ఆగినది. ఆమె గాలివైపు చూచినది, బకెట్టువైపు చూచినది. "పోటీకి మూడు సీసాలు పెట్టాలిరా. ఇవి రెండింటికే వస్తాయి. ఇంకొంచెం, అంతే," అన్నది. ఆ గొంతులో మునుపటి బింకము లేదు. ఆశ మాత్రము ఉన్నది.

సరిగ్గా అప్పుడే గేటువైపునుండి కారు ఇంజనుబెల్టు కీచుమను ధ్వని కొండలలో మార్మ్రోగినది. ఓటీలీ చెవులు నిక్కినవి.

"గ్లెనిస్. బెల్టు మార్పించుకోదు, పిసినారిది," అని, డెబ్బది ఏండ్ల మోకాళ్ళను మరచి, కారెక్కి, బకెట్టును బిడ్డవలె ఒడిలో పెట్టుకొని, దుమ్ము రేపుచు గేటు చేరినది. డారిల్ తన బండిలో ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండి వెంబడించినాడు.

గేటులో గ్లెనిస్ చేతికొక బకెట్టుతో నిలిచియున్నది.

"అడవి మూసేశారు," అన్నది ఓటీలీ దిగుచు.

"బార్లా తెరిచుంది కదే."

"మూసినట్టే లెక్క."

"మరి నువ్వు లోపలేం చేస్తున్నావు?"

"నేను సిబ్బందిని."

"సిబ్బందికి బకెట్టెందుకు?"

"మంటలార్పడానికి. నీళ్ళు."

గ్లెనిస్ మెడ చాచి చూచినది. "మీ వాగునీళ్ళు నల్లగా ఉన్నాయే. గింజలు కూడా పడ్డాయి."

డారిల్ కుంటుచు నడుమ నిలిచినాడు. "ఇద్దరూ వెళ్ళిపోండి. దండం పెడతాను."

"ఆవిడుంటే నేనూ ఉంటా. ఆవిడ పోతే నేనూ పోతా," అన్నది గ్లెనిస్. "న్యాయం అందరికీ ఒక్కటే ఉండాలి."

అయ్యో, ఏమని చెప్పుదును ఓటీలీ ధర్మసంకటము. నిలిచినచో మూడవ సీసా నిండును, కాని వైరి బకెట్టులు రెండును నిండును. వెడలినచో వైరికి ఒక్క పండైనను దక్కదు, తనకు మూడవ సీసాయు దక్కదు. అగ్నిభయము కదలింపలేనిది, రాజాజ్ఞ కదలింపలేనిది, బంధుప్రీతి కదలింపలేనిది, గ్లెనిస్ చేతిలోని ఆ రెండు ఖాళీ బకెట్టులు కదలించినవి.

"ఒరేయ్ డారిల్, ఆ గొలుసు తే," అన్నది ఓటీలీ.

రథములు వెలుపలికి వచ్చినవి. కాని గేటు కీలు క్రుంగి, ఇనుపపాదము నేలలో పాతుకొనిపోయి, భూదేవియే పట్టి లాగుచున్నదా అన్నట్లు మొరాయించినది. డారిల్ ఎత్తినాడు, కదలలేదు. ఓటీలీ భుజము పెట్టినది, మూలిగినది గాని కదలలేదు. తుదకు గ్లెనిస్ బకెట్టులు క్రింద పెట్టి, "జరుగు," అని ఓటీలీ ప్రక్కన నిలిచి భుజము కలిపినది. గేటు లేచినది. గొలుసు చుట్టుకొనినది. తాళము పడినది.

"వానొచ్చేదాకా ఎవరికీ తీయకు," అన్నది ఓటీలీ.

"తీయను పెద్దమ్మా."

"వానొచ్చాక కూడా ఈవిడకి తీయకు."

 అటు తరువాత ఓటీలీ తన బకెట్టును తెచ్చి కారు ముందుభాగమున పెట్టినది. "తినండి. రెండు సీసాలు నేనేం చేసుకోను," అన్నది. తిన్నారు. వ్రేళ్ళు, పెదవులు, డారిల్ నారింజకవచము సైతము ఊదారంగు తేలినవి.

"పోయినేడు నీదే బాగుంది," అన్నది గ్లెనిస్ నములుచు. "జడ్జి మా మేనమామ కొడుకు."

"తెలుసు," అన్నది ఓటీలీ, బకెట్టును ఆమెవైపు జరిపి.

ఆ ఏటి నీలిరిబ్బను, అంగడిలో గడ్డకట్టిన పండ్లు కొని జాము కాచిన ఒక దంతవైద్యునికి పోయినది. పండ్లతో పని గలవాడే కదా అని మా కొండలవారు సరిపెట్టుకొన్నారు.

వడగాలి మాత్రము రేయింబవళ్ళు వీచి, ఒకనాటి సాయంకాలమున చిరుజల్లు కురియగా చల్లబడినది. కావున అష్టదిక్పాలకులారా, ఆలకింపుడు. నిచ్కే గల్లీలో చెట్టు కాలలేదు. ఇల్లు కాలలేదు. ఎవరిని వెదకుటకును ఎవరును లోపలికి పోలేదు. కవికి పాడుటకు చిటికెడు బూడిదయైనను మిగులలేదు. డారిల్ నోస్కే గేటు మూసినాడు, అటుపైన ఏమియు జరుగలేదు. జయము, జయము, ఏమియు జరుగలేదు.