పది నుంచి అయిదు దాకా సముద్రం

ఆ శుభవార్త వచ్చిన క్షణంలో నేను మా వాటా మెట్లమీద ఎండిపోయిన బురదని పాత గరిటెతో గీకుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "సర్క్యులర్ వచ్చింది. ఇకనుంచి మెషీన్‌లో వేలిముద్ర వేసి పదింటికెళ్లి అయిదింటికి వచ్చెయ్యాలిట" అన్నారు. గరిటె అక్కడే పారేసి గెంతాను. అప్పటికి మా పెళ్లయి నలభై ఒక్క రోజులు మరి!

అంచేత పాఠకులారా, నేను బల్లగుద్ది చెబుతున్నాను. వేలిముద్ర హాజరు మెషీన్ మానవజాతికి దొరికిన మహావరం. కాదనేవాళ్లు మా ఇంటికి రండి, తళతళలాడే మెట్లు చూపిస్తాను.

మా ఆయనది ఆటుపోట్ల నేలల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఊరి చివర మడ చెట్లు దాటితే పెద్ద బురదనేల ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే అది బయటపడుతుంది. దానిమీద మీటరు చదరం ఇనుప చట్రం పరిచి, లోపల పీతల బొరియలెన్ని, నత్తలెన్ని అని వంగి లెక్కపెట్టడం ఆయన పని. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు బాగా దూరం పోతాయి కాబట్టి లెక్క ఆ రోజుల్లోనే. మా తీరంలో ఆ రోజుల్లో నీళ్లు తగ్గేది తెల్లవారుజామున అయిదున్నరకి. మళ్లీ సాయంత్రం ఆరింటికి. మిట్టమధ్యాహ్నానికి నిండు పోటు.

ఈ టైంటేబుల్ చంద్రుడు ఎవర్ని అడిగి వేశాడు? సంసారుల్ని సంప్రదించాడా? కొత్త పెళ్లికూతురు కళ్లు తెరిచేసరికి పక్కన దిండు మాత్రమే ఉంటే ఆ చంద్రుడికేం పోయింది!

సర్క్యులర్ ఈ అరాచకానికి కళ్లెం వేసింది. డ్యూటీ పది నుంచి అయిదు. ఆ వేళలకి బయట సిబ్బంది చేసిన లెక్క చెల్లదు. అంతే!

మొదటి లెక్కకి మా ఆయన పన్నెండింటికి పడవలో వెళ్లి, చట్రాన్ని నీళ్లలో వేశారు. ఇనుప చట్రం కదా, ఇనుము చెయ్యాల్సిన పనే చేసింది. రెండోసారి తాడు కట్టి వేశారు. చట్రంతోపాటు ఒక కుడికాలి చెప్పు పైకొచ్చింది. ఫారంలో 'జీవులు' అన్న చోట చెప్పు అని రాయలేరు కదా! రెండుసార్లూ సున్నా వేశారు.

సూపరింటెండెంట్ గారు పొంగిపోయారు.

"శభాషోయ్! ఒక్క కొట్టివేత లేదు! ఈ ఆఫీసులో ఇంత శుభ్రమైన రిపోర్టు నేను చూళ్లేదు."

"అప్పుడు పోటు సార్. రెండు నిలువుల నీళ్లకింద ఏం కనిపిస్తాయండీ?"

"అయితే ఆటు టైము మార్చమని సంబంధిత శాఖకి లెటర్ పెట్టు. కాపీ నాకివ్వు."

మా ఆయన పాపం, నిజంగానే పెట్టారు. సంబంధిత శాఖ వారు ఓ సాయంత్రం మా వంటింటి కిటికీలో గుండ్రంగా కనిపించారు గానీ, జవాబివ్వలేదు.

ఇక నా సుఖం సంగతి చెప్పాలా? అయిదూ నలభైకల్లా బాల్కనీలో ఇద్దరికీ టీ! వాషింగ్ మెషీన్‌లోంచి నత్తగుల్లల చప్పుడు లేదు. మా ఆయన కాలిగోళ్ల అసలు రంగేమిటో నాకు పెళ్లైన రెండో నెలలో తెలిసింది. గులాబీ రంగు, ఎవరికీ చెప్పకండి. మా అత్తగారు ఫోన్ చేసి, "ఏమ్మా, వాడింకా బురదలోనే దొర్లుతున్నాడా?" అనడిగారు.

"లేదత్తయ్యా, ఇప్పుడు ఆఫీసులో కుర్చీలోనే కూర్చుంటున్నారు."

"అమ్మయ్య! ఇన్నాళ్లకి ఉద్యోగం వచ్చిందన్నమాట!"

ఇంతకన్నా గొప్ప వార్త ఇంకోటుంది. మొత్తం మూడు లెక్కలు. రెండు సున్నాలు వెళ్లిపోయాయి. మూడోదీ సున్నా అయితే ఆ నేల 'జీవరహిత ఖాళీ స్థలం' జాబితాలోకి ఎక్కుతుంది. అక్కడ మట్టి పోసి నాలుగంతస్తులు లేపుతారు. ఏం కడతారనుకున్నారు? తీర జీవుల సంరక్షణ భవనం! కింద కార్ల పార్కింగ్, పైన గాజు తొట్టె, తొట్టెలోకి ఎక్కణ్నించో లారీలో బురద. పీతలు కూడా పది నుంచి అయిదు దాకా దర్శనమిస్తాయి. ఇంతకన్నా క్రమశిక్షణ ఏం కావాలి?

అంతా బాగానే ఉంది. టీ ఒక్కటే చల్లారిపోతోంది.

వెనక ఈ మనిషి మోకాళ్లదాకా బురదతో గుమ్మంలోంచే అరిచేవాడు, "ఒక్క చట్రంలో డెబ్భై మూడు బొరియలు!" అని, లాటరీ తగిలినట్టు. నేను తుడుపుగుడ్డ పట్టుకుని తిట్టేదాన్ని. ఇప్పుడు శుభ్రంగా వచ్చి, శుభ్రంగా కూర్చుని, గోడకేసి చూస్తున్నారు. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఏమండీ, ఏమిటంత ఆలోచన?"

"ఏం లేదు. పాపం వాటికి తెలీదు కదా అని."

"వేటికి?"

"పీతలకి. అవి లేవని నేను సంతకం పెట్టానని."

సరే, ఒప్పుకుంటున్నాను. నేను పెళ్లి చేసుకున్నది ఆ బురద మనిషిని. ఈ ఉతికి ఆరేసినాయన ఎవరో నాకు తెలీదు. మెషీన్ మొగుణ్ని ఇంటికి పంపింది గానీ, మనిషిని ఎక్కడో ఆపేసుకుంది.

చదువుకున్నదాన్ని కదా, నిన్న ఆ లెక్క ఫారం తీసుకుని చివరిదాకా చదివాను. అట్టడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది: 'ఆసక్తిగల పౌరుల లెక్కలు కూడా స్వీకరించబడును.' వేళల మాటే లేదు! నేను పౌరురాలినా కాదా? ఆసక్తికి కొదవా? సెలవు పెట్టిన రోజున మా ఆయన మాత్రం పౌరుడు కాదా?

సెలవు చీటీ నేనే రాశాను. కారణం: కొత్తగా పెళ్లయింది. సూపరింటెండెంట్ గారు కళ్లద్దాల మీదనుంచి చూసి ముసిముసిగా నవ్వారుట.

"ఎక్కడికోయ్, సముద్రతీరానికేనా?"

"ఆ చుట్టుపక్కలకేనండి."

ఉద్యోగి తన ఉద్యోగం చేసుకోవడానికి సెలవు పెట్టుకోవాల్సిన వైభోగం ఇంకే యుగంలో ఉంది చెప్పండి!

రేపే పౌర్ణమి. నాలుగున్నరకి లేస్తాం. ఆయన చట్రం పరుస్తారు, నేను లెక్కపెడతాను, ముప్ఫై చోట్ల. కింద సంతకం నాది. తొమ్మిదింటికల్లా ఒడ్డెక్కేసి, ఆ బురదకాళ్లతోనే తిన్నగా ఆఫీసు మెట్లెక్కి, పదింటికి తలుపు తియ్యగానే ఫారం ఇచ్చేసి వస్తాం.