మూడో మనిషి పట్టని క్వార్టరు

మీరు నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. సత్యమూర్తీ, ముందు నువ్వు ఆ మూతి సరిగ్గా పెట్టు.

ఇనుప గనుల ఊరు కిరండూల్లో మాకిచ్చిన క్వార్టరు ఒకే గది. ఒక మూల వంట, ఒక మూల పడక. మిగతా రెండు మూలల్లో నేనూ మా ఆవిడ ఇంద్రాణీ అలిగి కూర్చుంటాం. అలకకు మాత్రం చోటు బాగా సరిపోతుంది.

విశాఖ నుంచి వచ్చే రైలు ఇక్కడితో ఆగిపోతుంది. అదే నా ఖర్మ. సొరంగాలు చూద్దామని ఎక్కిన చుట్టాలంతా చివరికి మా గుమ్మంలో దిగుతారు. ఈసారి మా అత్తగారు వరహాలమ్మగారు నెల్లాళ్లుంటానని కబురు చేశారు. నాకేమో గనిలో రాత్రి డ్యూటీలు. పగటి నిద్ర లేకపోతే నేను మనిషిని కాను. అందుకే గదికి కొత్త డిజైన్ వేశాను.

కదలని మంచం, కదలని బల్ల, కదలని బీరువా. నడవడానికి రెండడుగుల దారి. మూడో మనిషి నడుం వాల్చడానికి చోటే ఉండకూడదు.

"అంతా నీ సుఖం కోసమే" అన్నాను ఇంద్రాణితో.

"నా సుఖం మీద ఇంత శ్రద్ధ ఎప్పట్నుంచీ?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ."

"పదేళ్లు బయటపడకుండా దాచుకున్నారా? పాపం."

వడ్రంగి పొజ్జా వచ్చి నా కాగితం చూశాడు. "ఏంది సార్, ఇది ఇల్లా, పెట్టెనా? చుట్టం వస్తే యాడ పంటడు?"

"రాడు. నువ్వు కొట్టు."

అప్పుడు ఇంద్రాణి అతనితో గోండీలో ఏదో చెప్పింది. పదేళ్లుగా ఇక్కడే ఉన్నా నాకు గోండీ ముక్క రాదు. ఆవిడ మాత్రం వారం వారం సంతలో చింతపండు బేరమాడుతూ నేర్చేసుకుంది. పొజ్జా నా వైపు తిరిగి, "ఠీక్ హై సార్?" అన్నాడు. భార్య ముందు తెలియదని ఎలా అంటాం? గంభీరంగా తల ఊపాను. అతను మళ్లీ అడిగాడు, నేను మళ్లీ ఊపాను.

అత్తగారు రైలు దిగి వచ్చేసరికి గది తయారైంది. నేను మొహం దిగాలుగా పెట్టుకుని చూపించాను. "చూశారుగా అత్తయ్యగారూ, మీరు పడుకోవడానికి చోటే లేదు. రేపటి రైలుకు..."

ఇంద్రాణి మంచం కింద ఉన్న పిడి పట్టుకుని లాగింది. అది చెప్పుల అర అనుకున్నాను నేను. చక్రాల మీద ఇంకో మంచం గడగడా వచ్చి నా కాలి మీద ఆగింది.

"ఇదెక్కడిది?" అన్నాను, కాలు పట్టుకుని.

"మీరు ఒప్పుకున్నదే. అమ్మ పొడుగుకి సరిగ్గా చేయించాను."

అత్తగారు మురిసిపోయారు. "ఏటి బాబూ, నాకోసం ఇంత ఆలోసించారా! కానీ నా మోకాళ్లు వంగవు. కిందన పడుకోలేను."

దాంతో అత్తగారు పైన నా చోటుకు వెళ్లారు, నేను ఆవిడ కొలతలోకి దిగాను. ఆవిడ నాలుగున్నర అడుగులు. నేను జంతికలా చుట్టుకున్నాను.

రెండోరోజు డ్యూటీ దిగొచ్చి, లుంగీ కట్టుకుని, ఆ సొరుగు మంచం లాక్కుని పడుకున్నాను. కన్ను మూతపడిందో లేదో, కొత్త గది చూడ్డానికి కాలనీ ఆడవాళ్లు ఐదుగురు వచ్చారు. వాళ్లకు దారి లేదు. "కాస్త లేవండి" అనొచ్చుగా? అనలేదు. ఇంద్రాణి కాలితో ఒక్క తోపు తోసింది. పరుపుతో సహా నేను మంచం కిందికి వెళ్లిపోయాను.

"మీవారు లేరా?" అని పక్కింటి సోమక్కగారు అడిగారు.

"ఉన్నారు. లోపల పెట్టాను."

పైనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇల్లు సిన్నదైనా ఎంత హాయిగా ఉన్నాదే! అల్లుడు కూడా అడ్డం లేడు. ఇంకో నెల ఉండిపోతాను."

"ఉండమ్మా. ఆయన్నీ ఒక మాట అడుగుదాం" అంటూ ఇంద్రాణి సొరుగును మూరెడు లాగింది. ఐదుగురూ వంగి నన్నే చూస్తున్నారు. నేను లుంగీ సర్దుకున్నాను.

"ఎన్నాళ్లైనా ఉండమను. కాస్త కాఫీ ఉంటే ఇలా అందించు" అన్నాను.

అందించింది. తాగేదాకా ఆగి, గ్లాసు పుచ్చుకుని, మళ్లీ లోపలికి తోసేసింది.