లిఫ్టు దయ్యానికి బోర్డు

ఈ అరబ్బు దేశంలో మా సైటులో ఇటుకలనూ కూలీలనూ పైకి మోసే లిఫ్టులో దయ్యం ఉన్నట్టు కంపెనీ ఖాయం చేసింది. ఇది పుకారు కాదు, మీటింగులో తేలిన విషయం.

ఆ లిఫ్టు నడిపేది మా క్యాంపు పోచన్న. ఆపిన చోట ఆగకుండా అది కాస్త కిందికి జారుతోంది. బ్రేకు పోయిందంటే మరమ్మతులు చూసే మనిషికి కోపం వస్తుంది; ఆయన మేనేజరుకు బామ్మర్ది. దయ్యమంటే ఎవరికీ కోపం రాదు, పైగా పని ఆగుతుంది. అందుకని పోచన్న ఫోర్‌మన్ బుడేన్ సాహెబ్‌తో మర్యాదగా, "అండ్ల దయ్యమున్నది భాయ్, నేనెక్క," అన్నాడు.

మేనేజరు, అంటే మా ముదీర్, బాధ్యత గల మనిషి. బ్రేకు సంగతి ఎన్నడూ అడగనివాడు, దయ్యం అనగానే ఇంజినీర్లందరినీ పిలిచాడు.

చైనా ఇంజినీరు దాన్ని యావ్‌గ్వాయ్ అన్నాడు. జపాన్ ఇంజినీరు వినయంగా నడుము వంచి, యోకాయ్ అని సరిదిద్దాడు. కొరియా ఇంజినీరు యోగ్వే అన్నాడు. రాసి చూపమంటే ముగ్గురూ అవే రెండు పాత చైనా అక్షరాలు రాశారు. దాంతో తగువు ఇంకా ముదిరింది. ఒక్క దయ్యం ముగ్గురి సొంతమెలా అవుతుంది? ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: పట్టించుకోకుండా వదిలేసిన పాత సామానులోనే ఇలాంటివి పుడతాయని మూడు దేశాల ముసలివాళ్లూ చెబుతారట. ఆ మాటకు అందరూ తలలూపి, టీ తాగి, మళ్లీ పేరు దగ్గరికి వచ్చారు.

చివరికి లిఫ్టు తలుపు మీద మూడు పేర్లతో బోర్డు పెట్టాలని తీర్మానమైంది.

అప్పుడు లేచింది మా పౌరుషం.

"దయ్యాన్ని చూసింది మనోడు, పేర్లు వాళ్లయా?" అన్నాడు తాపీ పనిచేసే నరేశ్.

"తెలుగు లేకుండా ఎట్టా పెడతారో చూస్తాలేబ్బా," అన్నాడు నెల్లూరి బుడేన్ సాహెబ్.

లిఫ్టు బాగు చేయమని ఏనాడూ నోరెత్తని మేము, ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పకుండా కూర్చున్నాం. ముదీర్ దిగివచ్చి, "ఖలాస్, ఇక చాలు, రాసుకోండి," అన్నాడు. దయ్యమా, భూతమా అని మాలో మేము కొంత కొట్టుకుని, దయ్యానికే ఒప్పుకున్నాం.

బోర్డు ఆవిష్కరణ ఘనంగా జరిగింది. "ఈ లిఫ్టు నాలుగు భాషల స్నేహానికి చిహ్నం," అన్నాడు ముదీర్. దయ్యాన్ని కనిపెట్టినందుకు పోచన్నకు దండ వేశారు. అతను ఫోర్‌మన్ చెవి దగ్గరికి వంగాడు.

"భాయ్, మరి బిరేకు?"

"సభలో అశుభం మాట్లాడబాక. యల్లా, ఎక్కు. ఫోటో తీస్తున్నారు."

పోచన్న ఎక్కాడు. ఆ ఫోటోను ఊళ్లకూ, భాషాభిమానుల గ్రూపులకూ పంపాం. మెడలో దండతో, రెండు చేతులా కడ్డీని పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్న మనిషి అందులో స్పష్టంగానే కనబడతాడు. అతని సంగతి ఎవరూ అడగలేదు. ఫోటో చూసిన మీరంతా అడిగింది ఒక్కటే: మన తెలుగును అన్నిటికంటే కింద ఎందుకు రాశారని.